సంధి కోసం ఇచ్చిన పిల్ల

ఎక్కడ నలుగురు చేరినా పిలవకుండానే వచ్చి నడుమ కూర్చోవడం మా మేనత్త అలవాటు. కృత్తివెన్ను తీరంలోని మా ఊరికీ, దివిసీమలో ఒక ఊరికీ చేపల వేట దగ్గర తగవులు ముదిరితే, రాజీ కోసం పెద్దలు ఆమెను అక్కడికి కోడలిగా పంపారు.

ఒకసారి అవనిగడ్డ సభలో మధ్యయుగాల రాకుమార్తెల గురించి మాట్లాడాను. యుద్ధం ఆపడానికి తండ్రులు పగవాడికిచ్చి చేస్తే, పరదేశంలో రాణులైన ఆడపిల్లలు వాళ్ళు. "కిరీటం పెట్టినా ఆ రాణి తాకట్టు వస్తువే, పాపం!" అని నేను నిప్పులు చెరుగుతుంటే, ముందు వరసలో అత్త పకపకా నవ్వింది.

"ఎందుకు నవ్వావత్తా?" అన్నాను సభ అయ్యాక.

"పెళ్ళి చేస్తే యుద్ధం ఆగిపోద్దంట్రా? నా పెళ్ళయిన ఏడాదే మీ మావయ్య వాళ్ళు మీ తాత పడవ పట్టుకొచ్చి తగలెడతామన్నారు. నేను వెళ్ళి అందులో కూర్చున్నా. ఇప్పుడు పెట్టండి నిప్పు అన్నా."

"భయమెయ్యలేదా?"

"ఎందుకెయ్యదూ! కాళ్ళు వణికాయి కాబట్టే కూర్చున్నా, లేకపోతే నిలబడేదాన్నే. సాయంత్రానికి పడవ వదిలేశారు."

"అయితే నిన్ను అలా ఇవ్వడం మంచిదేనంటావా?"

"తప్పే. నన్నెవరడిగారు? ఇచ్చినోళ్ళని బాగా తిట్టు, నేను చప్పట్లు కొడతా. ఆ రాణిని మాత్రం పాపం అనకు."