పాత ఫైలు చూపిన నీళ్లు

మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే రోడ్డు పక్కన ఉన్న మా కాలనీ పార్కులో, వాడకం మానేసిన బోరు ఒకటి ఉంది. ప్రతి ఆదివారం ఉదయం ఏడు గంటలకు అందులోకి బరువు కట్టిన తాడు దింపి, ఎన్ని అడుగుల దగ్గర తడి తగిలిందో డైరీలో రాసుకోవడం నా అలవాటు. నాలుగేళ్లలో ఒక్క వారం తప్పలేదు. అవేమిటని ఒక్కరూ అడగలేదు. ఇంట్లో నేనొక్కణ్ణే కనుక ఆ అంకెలను కంప్యూటర్లోకి ఎక్కించడానికి సాయంత్రాలు సరిపోయేవి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని, వాటిని గీతగా గీసే చిన్న స్క్రిప్టు కూడా రాసుకున్నాను.

మొన్నటి వేసవికి ముందు, పార్కు దాటాక ఎడమవైపున్న, కాలనీ వాడుకుంటున్న బోరు పక్కనే రెండోది వేయాలన్న మాట వచ్చింది. అలా వేస్తే ఉన్నది కూడా ఎండిపోతుందని నా భయం. నీటిమట్టం పడిపోతున్న తీరును ఆదివారం సాయంత్రం సమావేశంలో చూపిస్తానన్నాను. కాలనీ అధ్యక్షుడు, ఈ భూములు ఒకప్పుడు తనవే అయిన ఆసామి, సరేనన్నాడు.

ల్యాప్‌టాప్‌ను టీవీకి తగిలించి స్క్రిప్టు నడిపాను. గీత రాగానే జనం వైపు తిరిగి మాట్లాడటం మొదలుపెట్టాను. అన్ని ముఖాలు నన్ను చూడటం ఆ కాలనీలో అదే మొదటిసారి. తెర వైపు చూడాలని తోచలేదు.

"నీళ్లు మంచిగనే ఉన్నయ్ గద సారూ, గింత పరేషానెందుకు?" అన్నాడు అధ్యక్షుడు.

వెనక్కి తిరిగాను. గీత ముప్పై ఎనిమిది అడుగుల దగ్గర ఆగింది. ఆ ఉదయమే తాడు అరవై నాలుగు చూపింది. పైన శీర్షికలో తేదీ మాత్రం ఆ రోజుదే. ఎక్కడో పొరపాటు జరిగిందని, ఒక్క రోజు గడువు కావాలని అడిగాను. అప్పటికే కొత్త బోరుకు సరేనంటూ చేతులు లేచాయి.

ఇంటికి వచ్చి కూర్చుంటే పది నిమిషాల్లో తెలిసింది. స్క్రిప్టులో అంకెల ఫైలు పేరొక్కటే రాశాను. అది ఏ ఫోల్డర్లో ఉందో రాయలేదు. అలా రాస్తే పైథాన్ దాన్ని స్క్రిప్టు ఉన్న చోట వెతకదు. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ ఏ ఫోల్డర్లో ఉంటే అక్కడ వెతుకుతుంది. ఎప్పుడూ సరైన ఫోల్డర్లోకి వెళ్లాకే నడిపేవాణ్ణి కనుక ఆ తేడా ఎన్నడూ బయటపడలేదు. ఆ మధ్యాహ్నం పోల్చి చూద్దామని రెండేళ్ల కిందటి నకలు ఉన్న ఫోల్డర్లోకి వెళ్లి, అందులోంచి బయటికి రాకుండానే సమావేశానికి వెళ్లాను. అక్కడ అదే పేరుతో పాత ఫైలు ఉంది. లేకపోయి ఉంటే పైథాన్ తప్పు చూపి ఆగిపోయేది. ఉంది కనుక నోరు మెదపకుండా గీసింది. శీర్షికలో ఏ రోజు నడిపితే ఆ రోజు తేదీ వేయమన్నది నేనే.

స్క్రిప్టు తానున్న ఫోల్డర్లోనే ఫైలును వెతుక్కునేలా ఒక వాక్యం మార్చి, సరైన గీతను కాగితంపై తీసుకుని మర్నాడు అధ్యక్షుడి ఇంటికి వెళ్లాను. జరిగిందంతా వివరించాను. శ్రద్ధగానే విన్నాడు.

"నిన్న గది నిజమంటివి, ఇయ్యాల గిది నిజమంటున్నవ్. రేపు ఇంకోటి తెస్తే జనానికి నేనేం జెప్పాలె? బోరు బండికి జెప్పిన సారూ, ఎల్లుండి వస్తాంది. చాయ్ తాగి పో."

జవాబుగా డైరీ తెరిచి ఆదివారం పేజీ చూపించాను. చేతిరాత బాగుందన్నాడు.

మంగళవారం పదకొండు తలుపులు తట్టాను. ఏడు తెరుచుకున్నాయి. కాగితాన్ని ముగ్గురు చేతిలోకి తీసుకున్నారు. చేతులెత్తాక ఇప్పుడేమిటని ఆ ముగ్గురూ అడిగారు.

బుధవారం సెలవు పెట్టి, కాగితంతో గేటు దగ్గర నిలబడ్డాను. ఇంకెవరైనా వస్తారనుకున్నాను. బోరు బండి వచ్చి ఆగింది. డ్రైవర్ కిటికీలోంచి వంగి, బోరు వేయాల్సిన పాయింటు ఎక్కడని అడిగాడు. చెప్పడానికి అక్కడ నేను తప్ప మరెవరూ లేరు. పార్కు దాటాక ఎడమకు తిరగమన్నాను.