ఇంతకంటే పెరగని చేప

ముందే ఒప్పుకుంటున్నాను, నేను పెంచి చెప్పే మనిషిని. మా పిల్లి ఎలుకను పడితే, నా నోట పడి వీధి చివరికి చేరేసరికి అది నల్లమల పులి అవుతుంది. కాబట్టి ఇందులో సగం తీసేసి చదువుకోండి. కంపు మాత్రం పూర్తిగా ఉంచుకోండి.

మా బేతంచెర్ల సంతలో ఎండుచేపలు అమ్మే అక్క మా పక్కింటి మనిషే. ఒక సంతరోజు పొద్దున్నే నన్ను పిలిచింది.

"ఏమప్పా, నీ నోరు ఊరికే అరిగిపోతాండాది గదా. ఈ పొద్దు ఈ మూట అమ్మిపెట్టు. రెండు సంతలాయ, ఒక్కరూ కొనలే. ఈసారీ మిగిలితే రేపట్నుంచి నేను నాపరాళ్లు మోయాల్సిందే."

ఆమె నడుముకు నీళ్లబిందే బరువు.

మూట విప్పాను. లేచిన వాసన స్టేషన్ దాకా నడిచి, టికెట్ లేకుండా గూడ్సెక్కి డోన్‌లో దిగింది. ఈగలు వచ్చి, ఒకసారి చూసి, వెనక్కి తిరిగాయి.

ఒకప్పుడు ఆమె గోనెపట్టా మీద మూరెడు చేపలు, పలకల్లాంటి సొరచేప ముక్కలు ఉండేవి. రానురాను అన్నీ చిటికెనవేలంత అయ్యాయి. సముద్రం మొహం చూడని మేము అదొక పొట్టి జాతి అనుకున్నాం. చిన్నచేపకే రుచి ఎక్కువని ఊరంతా ఉపన్యాసాలిచ్చింది నేనే.

"జాతీ లేదు, గీతీ లేదు," అంది అక్క. "సరుకు కోసం రేవుకు పోయినప్పుడు చూసినా. మరబోట్ల వల సముద్రం అడుగంతా ఊడ్చుకొస్తాది. పెద్ద చేపలు పెద్ద ఊర్లకు పోతాయి. ఈ తుక్కు ఎండబెట్టి కోళ్లదాణాకు తోల్తారు, కొంత మన మొహాన కొడతారు. ఇవన్నీ పిల్లలప్పా."

అప్పుడు సరిగ్గా చూశాను. అరచేతిలో పట్టే సొరపిల్ల, కళ్లు తెరుచుకునే ఎండిపోయింది. కడుపు కింద గుడ్లు అంటుకుని ఉన్న పీత. గుర్రం మొహంతో తోక చుట్టుకున్నది ఇంకొకటి. వాటి మధ్య ఇసుక, తెగిన నైలాన్ తాడు. వీటిని ఎవరూ కోరలేదు, ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. వలకు దారిలో ఉన్నందుకు చచ్చాయి.

"అక్కా, ఇది అమ్మడం నాతో కాదు," అన్నాను.

ఇద్దరం మూటను ఈడ్చుకెళ్లి ఊరిబయట రాతిముక్కల దిబ్బ పక్కన పూడ్చిపెట్టాం. "పోనీలేప్పా, రాళ్లే మోస్తా," అని అక్క చేతులు దులుపుకుంది.

ఇక, ఇందులో నేను కల్పించింది ఏదో చెప్పాలి. వాసన రైలెక్కడం కాదు, దానికి నేనే సాక్షిని. పూడ్చిపెట్టడం కల్పన.

జరిగింది వేరు. ఒక ముసలాయన సొరపిల్లను తోక పట్టి ఎత్తాడు.

"ఏం చేపప్పా ఇది? ఇంత బుడ్డగా ఉండాది?"

నేను అక్క నడుము వైపు చూశాను.

"బుడ్డసొర, పెద్దాయనా. ఇది ఇంతకంటే పెరగదు. ఒంటికి శానా బలం."

ఆయన నమ్మి తువ్వాలు పరిచాడు. ఆయన్ను చూసి ఇంకో నలుగురు వచ్చారు. మధ్యాహ్నానికి మూట ఖాళీ. అక్క రాళ్లు మోయడానికి పోలేదు. తర్వాతి సంతకు రెండు మూటలు తెప్పించింది.