జోకొట్టే మిషను

సాయమ్మకు పాటలు రావు. పనిలో చేరిన మొదటి రోజే ఆ మాట చెప్పేసింది. "వంట జేస్త, పిల్లను సాదుత, గని జోలపాటలు మాత్రం అడగకుండ్రి మేడం. నేను ఏనాడు పాడలే" అంది. ప్రిస్కిల్లా నవ్వి, "పాటలకేముందండీ, పాప నిద్రపోతే చాలు ఆంటీ" అంది. ఆ నిద్రే అన్నిటికన్నా కష్టమైన పని అని పాపం ఆ తల్లికి అప్పటికే తెలుసు.

పిల్ల పేరు జాయ్స్. తొమ్మిది నెలలది. పొద్దున్నంతా బోసినవ్వులే. మధ్యాహ్నం నిద్ర ముంచుకొచ్చిందా, ఇల్లు పీకి పందిరేస్తుంది. మాదాపూర్‌లో పదకొండో అంతస్తు ఫ్లాటు. పక్క గదిలో ప్రిస్కిల్లా చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని ఆఫీసు పని చేస్తుంటే, హాల్లో సాయమ్మ పిల్లను భుజాన వేసుకుని కిటికీకీ తలుపుకీ మధ్య తిరిగేది. అలా తిరిగే రోజుల్లోనే ఒకసారి, పిల్ల రాల్చిన బిస్కెట్ పొడి తీద్దామని చేతి వాక్యూమ్ క్లీనర్ అందుకుంది. అది ప్రిస్కిల్లా పెళ్లికి ఎవరో ఇచ్చిన కానుక, అప్పటికే సగం నీరసించింది. మీట నొక్కగానే జాయ్స్ ఏడుపు ఆపింది. కళ్లు పెద్దవి చేసి విన్నది. కాసేపటికి ఆ కళ్లు చిన్నవయ్యాయి, ఆ తర్వాత మూసుకున్నాయి.

ఇంకేముంది! ఆ రోజుతో ఆ మిషనుకు దుమ్ము తీసే పని తప్పి, జోకొట్టే పని పట్టుకుంది.

సాయమ్మకు ఆ హోరు కొత్త కాదు. ఇదే మాదాపూర్ గాజు మేడల్లో ఏళ్ల తరబడి హౌస్‌కీపింగ్ చేసిన మనిషి, కార్పెట్ల మీద పెద్ద మిషన్లు తోసిన చేతులు. ఆ చప్పుడు వింటే చాలు, ఆమె మనసు ఉన్నచోట ఉండదు. ఎదుటి భవనం అద్దాల్లో మబ్బులు నడుస్తుంటాయి. దూరంగా మెట్రో రైలు చప్పుడు లేకుండా వంపు తిరుగుతుంది. పిల్ల ఊపిరి మెడకు వెచ్చగా తగులుతుంది. ఇది ఎవరి ఇల్లో, ఏ ఏడో అన్నీ మరిచిపోయి, భుజం మీద ఉన్నది తన కొడుకు మొగిలే అనుకుంటుంది. మొగిలి చిన్నప్పుడు ఆమెది రెండో షిఫ్టు. వాణ్ణి పక్కింట్లో అప్పగించి పోతే, తిరిగొచ్చేసరికి ఎవరో జోకొట్టగా నిద్రపోయి ఉండేవాడు. కన్నకొడుకును ఒక్కనాడైనా తన భుజం మీద నిద్రపుచ్చలేదన్న బాధ ఆమెకు ఉండనే ఉంది. ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుంటే తీరేదైతే కదా!

మిషను మాత్రం రోజు రోజుకూ చిక్కిపోయింది. చార్జి అయిపోయేదాకా నడపడం, కాలుతున్నదాన్ని కాలుతున్నట్టే ప్లగ్గుకు తగిలించడం, ఇదీ సాయమ్మ పద్ధతి. అలిసిపోయి ఇంటికొచ్చిన గొడ్డుకు వెంటనే కుడితి పెట్టాలి కదా అని ఆమె లెక్క. ఆమె ప్రేమ గొప్పదే, కానీ బ్యాటరీ గొడ్డు కాదు. హోరు సన్నబడి, సన్నబడి, ఒక గురువారం నాలుగు మూలుగులు మూలిగి మూగబోయింది. జాయ్స్ ఆ మధ్యాహ్నమంతా గుక్కపట్టి ఏడ్చింది.

ప్రిస్కిల్లా గదిలోంచి బయటికొచ్చింది. "సోమవారం నుంచి నేను గచ్చిబౌలి ఆఫీసుకి వెళ్లాలండి ఆంటీ. పాప ఇలా నిద్రపోకపోతే క్రెష్‌లో వెయ్యక తప్పదు" అంది. మెత్తగానే అంది. సాయమ్మ గుండె కలుక్కుమంది. జీతం కోసం కాదు, పని ఇంకోచోట దొరుకుతుంది. భుజం మీది ఆ బరువు మాత్రం ఇంకెక్కడా దొరకదు.

"బ్యాటరీ మారిస్తె మల్ల నడుస్తది మేడం. మా మొగిలి చేస్తడు" అంది.

మొగిలి బైక్ టాక్సీ నడుపుతాడు. మర్నాడు మధ్యాహ్నం అదే రకం బ్యాటరీ వెతికి తెచ్చి, హాల్లో నేల మీద పేపరు పరుచుకుని కూర్చున్నాడు. మరలు విప్పి, పాతదాని వైర్ల క్లిప్పు ఊడదీశాడు. అది పొట్ట ఉబ్బి ఉంది.

"ఏందే అమ్మా, వేడి మీదనే చార్జింగ్ పెట్టినవా? జర సల్లారనీయాలె."

"నాకేమెరుక బిడ్డా? అలిసిపోయిందని పెట్టిన."

మొగిలి నవ్వుకుంటూ కొత్త బ్యాటరీ తగిలించి, మరలు బిగించి మీట నొక్కాడు. మిషను గయ్యిమని అరిచింది. సాయమ్మ భుజం మీద నిద్రకు తూగుతున్న జాయ్స్ ఉలిక్కిపడి కెవ్వుమంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఇన్నాళ్లూ పిల్లను నిద్రపుచ్చింది మిషను బలం కాదు, దాని నీరసం. మొగిలి దానికి తువ్వాలు చుట్టాడు, వంటగదిలోకి తీసుకెళ్లి నడిపాడు. ఊహూఁ! ప్రిస్కిల్లా హెడ్‌సెట్ ఒక చెవి తీసి గుమ్మంలో నిలబడింది.

సాయమ్మ పిల్లను పొదువుకుని కిటికీ దగ్గరికి నడిచింది. మబ్బులను చూస్తూ కళ్లు మూసుకుంది. ఎప్పుడు మొదలుపెట్టిందో ఆమెకే తెలియదు, గొంతులోంచి మూలుగు లాంటిది వచ్చింది. మాట లేదు, రాగం లేదు. సన్నగా లేచి, కాస్త వణికి, చార్జి అయిపోతున్నట్టు దిగిపోయి, ఊపిరి తీసుకుని మళ్లీ లేచింది. అచ్చం ఆ పాత మిషను హోరు. జాయ్స్ వెక్కిళ్లు తగ్గాయి. జాకెట్టు పట్టుకున్న పిడికిలి వదులైంది.

"ఇంక క్రెష్ మాట మర్చిపోండి ఆంటీ" అని ప్రిస్కిల్లా గుసగుసగా అని, కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లింది.

సాయమ్మ పిల్లను పరుపు మీద పడుకోబెట్టి వెనక్కి తిరిగింది. మొగిలి గోడకు చేరగిలబడి కళ్లు మూసుకుని ఉన్నాడు. పక్కన ఫోన్ మోగుతోంది.

"గిరాకి వచ్చినట్టుంది, లేరా. పిల్ల నిద్రపోయింది."

మొగిలి కళ్లు తెరవకుండానే ఫోన్ బోర్లించాడు. "పోనీ. జరసేపు ఆ హోరు ఆపకే అమ్మా."

సాయమ్మ వెళ్లి వాడి పక్కన నేల మీద కూర్చుంది. వాడి తల ఆమె భుజం మీదికి వాలింది. సాయమ్మ కళ్లు మూసుకుని మళ్లీ ఆ సన్నని హోరు ఎత్తుకుంది.