ముప్పైకి ఇరవై సెంటీమీటర్లు తక్కువ

సర్వే ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు కొలతలు తీసి, లెవెల్ మాస్టారని పేరుపడ్డ పెద్దమనిషికి కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ఆ ఉదయం నెత్తికెక్కింది. కొండలెక్కేవాళ్ల క్లబ్బు నుంచి ఉత్తరం వచ్చింది మరి.

ఆ క్లబ్బు వాళ్ల కొండల జాబితా మాస్టారి చలవే. ఎత్తుగా ఉంటే సరిపోదు. పక్కనున్న పెద్ద కొండకీ తనకీ మధ్య పల్లం నుంచి ముప్పై మీటర్లు లేస్తేనే విడి కొండ. లేదంటే పెద్దదాని భుజం కింద జమ. అలా నలభై రెండు తేలాయి. అన్నీ ఎక్కిన మొదటి మనిషి మాస్టారి భార్య. క్లబ్బు గోడ మీది బోర్డులో అందరికంటే పైన ఆవిడ పేరే. ఇప్పుడు మోకాళ్లరిగి, పాపం, మేడమెట్లు కూడా ఎక్కలేకపోతోంది.

ఉత్తరంలో ఏముందంటే, మాస్టారు భుజమని కొట్టేసిన బోడిగుట్టను మళ్లీ కొలిచారు. ముప్పై మీటర్లకి ఇరవై సెంటీమీటర్లు తక్కువన్నది కాస్తా ముప్పై సెంటీమీటర్లు ఎక్కువని తేలింది. జాబితా నలభై మూడైంది. ఆవిడ ఎక్కినవి నలభై రెండే కాబట్టి పేరు తీసేస్తారట.

"అర మీటరు! నేను అర మీటరు తప్పుతానా?" పాత కొలతల పుస్తకం బల్ల మీద విసిరికొట్టాడు మాస్టారు. "నిన్నగాక మొన్న కొండ మొహం చూసిన వెధవలు! ఆ సెక్రటరీ సంగతి తేల్చి వస్తా. నీ పేరు ఎలా తీస్తాడో చూస్తా!"

"కాస్త కూర్చోండి," అంది భార్య. "ఆ గుట్ట కొలిచిన రోజు పల్లంలో కొలకర్ర పట్టుకున్నది నేనేగా?"

"అయితే?"

"బురదలో దిగబడిపోతోందని పక్కనున్న బండ మీద పెట్టాను. మోకాలెత్తు బండ. మీ అర మీటరు అదే. చెప్పబోతే, 'నోరు ముయ్, కర్ర కదులుతుంది' అని అరిచారు."

మాస్టారు విసిరిన పుస్తకాన్ని దగ్గరికి లాక్కుని తెరిచాడు. పుస్తకంలో అంకెలు ముత్యాల్లా ఉన్నాయి. వాటిని చూస్తే ఒళ్లు మండింది, ఈసారి తన మీద.

"ఇంతదూరం వచ్చాం, పైదాకా వెళ్లొద్దామన్నాను కూడా," ఆవిడ గొంతు పెంచింది. పంతొమ్మిదేళ్ల కోపం అది. "లెక్కలోకి రానిదానికి ఎందుకన్నారు. పావుగంట నడక! అప్పుడు నాకు కాళ్లున్నాయి."

మధ్యాహ్నానికి మాస్టారు క్లబ్బుకి ఉత్తరం రాశాడు. మీ కొలతే సరైనది, పేరు తీసేయండి అని. ఆవిడ చదివి కలం మళ్లీ ఆయన చేతిలో పెట్టింది.

"రెండో ముక్క రాయలేదేం? పైకెళ్తానంటే ఆపిందెవరో అదీ బోర్డు మీద రాయమనండి."