యాడ చూసినావో ముందు సెప్పు

మా మేనత్త పోయిందని ఎమ్మిగనూరు నుంచి బావ ఫోన్ చేసేటప్పటికి నా ఎదుట తెర మీద ఒక పరీక్ష ఎర్రగా ఫెయిలై కూర్చుంది. "అమ్మ పోయిందమ్మా, పొద్దున," అన్నాడు. ఏడవాల్సింది పోయి, "యాడ? ఇంట్లోనా, ఆస్పత్రిలోనా?" అని అడిగాను. "నువ్వూ అమ్మ మాదిరే అడుగుతాండావే. ఇంట్లోనే, ఆమె మంచం మీదే," అన్నాడు. అప్పుడు వచ్చింది ఏడుపు.

నా పని గురించి రెండు మాటలు చెప్పకపోతే అత్త గురించి చెప్పడం కుదరదు. వెబ్‌సైట్లు సరిగ్గా నడుస్తున్నాయో లేదో మనిషి చెయ్యి పెట్టకుండా ప్రోగ్రామే బటన్లు నొక్కి చూసే పరీక్షలు రాస్తాను. ఒక కంప్యూటర్లో చక్కగా కనిపించిన పేజీ ఇంకోదాంట్లో చెదిరిపోతుంది. అదీ తలనొప్పి. అందుకే నా పరీక్షలన్నీ మొదలవుతూనే బ్రౌజర్‌ను ఆరా తీస్తాయి. నీ పేరేమిటి, ఏ వెర్షను, ఏ ఆపరేటింగ్ సిస్టం మీద ఉన్నావు, తెర వెడల్పు ఎంత? ఆ జవాబులు పక్కన చేరాకే పాసైనా, ఫెయిలైనా. అందరూ చేసేదే, నేను కనిపెట్టిందేమీ కాదు. కాకపోతే మిగతావాళ్ళు శిక్షణలో నేర్చుకున్నారు, నాకు అత్త దగ్గర అబ్బింది.

ఒకసారి సెలవులకు పోయినప్పుడు ఈ సంగతి ఆమెకు చెప్పబోయాను. పేరడిగితే బ్రౌజరు తన పేరొక్కటే చెప్పదత్తా, ఇంకో ఇద్దరు ముగ్గురి పేర్లు కలిపి చెప్తుంది, అసలుది మనమే ఏరుకోవాలి అన్నాను. అత్త వక్క నములుతూ, "పెండ్లిచూపులకొచ్చినోళ్ళూ అంతే కదమ్మా," అంది. నా ఉద్యోగం మొత్తాన్ని ఆ ఒక్క ముక్కతో అర్థం చేసుకున్నట్టు తల ఊపింది కూడా.

ఎనభైల్లో నేను ఆదోనిలో డిగ్రీ చదివేదాన్ని. మా ఊరు హాలహర్వి అవతల. సెలవంటే చాలు, ఎమ్మిగనూరు బస్సెక్కి అత్త ఇంట్లో దిగేదాన్ని. మామ నాలుగిళ్ళకు నూలిచ్చి చీరలు నేయించేవాడు. నేసిన చీరను చూసి సరే అనాల్సింది మాత్రం అత్తే. చీర అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, ఈ కొస నుంచి ఆ కొసదాకా జార్చేది. అలా జారుస్తున్నంతసేపూ ఎవరితోనూ మాట్లాడేది కాదు. మామ కాఫీ అడిగినా సరే!

నేను హాస్టల్ అన్నం బాగాలేదని గునిస్తే, "ఎండన పడి వచ్చి తిన్నావా, నీడన కూర్చోని తిన్నావా?" అనేది. పక్కింటామె కోడలి మీద చాడీ మోసుకొస్తే, "యాడ చూసినావో ముందు సెప్పు, ఏం చూసినావో తర్వాత సెప్దువు," అనేది. సగం చాడీలు ఆ అరుగు మీదే ఆగిపోయేవి. ఆ మాటకు నవ్వుకునేదాన్ని. ఆమెకది ఊరికే రాలేదని నాకు తెలుసు. అది వచ్చిన రోజున నేను పక్కనే ఉన్నాను.

అవి దసరా సెలవులు. మామ ముందుగదికి కొత్తగా ట్యూబులైటు పెట్టించాడు. అత్తకు దాని మీద ఎంత మురిపెమంటే, పట్టపగలు కూడా తలుపులు దగ్గరికేసి దాని కిందే చీరలు చూసేది. ఆ రోజు పక్కవీధి నేతగాడు, నేను అన్న అని పిలిచే ఆయన, ఎర్రంచు చీర తెచ్చాడు. పెళ్ళివాళ్ళ చీర. వాళ్ళిచ్చిన నమూనా దారంతో ఎండలో సరిచూసి, మామ వేరే చోట రంగేయించిన నూలది. నమూనా దారం అంచు పక్కన పెట్టి చూసింది అత్త. దారం మిరపపండులా ఉంటే, అంచు ఇటుకపొడిలా ఉంది.

"నూలు మార్చినావప్పా," అంది.

గదిలో ఇంకో ముగ్గురు నేతగాళ్ళున్నారు. అన్న ముఖం పాలిపోయింది. "నేను మార్చలేదక్కా. మీరిచ్చిన నూలే నేసినా," అన్నాడు.

"కండ్లకు కనపడతాంటే ఇంకేం మాట్లాడతావు?"

అతను చీర అక్కడే వదిలి వెళ్ళిపోయాడు. ఇచ్చిన నూలు దాచుకుని నాసిరకం వేశాడన్న మాట పడితే, ఆ ఊళ్ళో మరొకరెవరూ నూలివ్వరు. అంటే మగ్గం మూసుకోవడమే.

రెండ్రోజులకు మధ్యాహ్నం కరెంటు పోయింది. మడత పెడదామని అత్త ఆ చీరను అరుగు మీదికి తెచ్చింది. ఎండ పడగానే చేతులు ఆగిపోయాయి. నమూనా దారం తెమ్మని నన్ను కేకేసింది. అంచు మీద పెట్టాను. దారం ఏదో, అంచు ఏదో తెలియలేదు. అత్త దారంతో సహా చీర చంకన పెట్టుకుని, చెప్పులు కూడా మరిచి, పక్కవీధికి నడిచింది.

అన్న భార్య గడపలోనే చెప్పింది. "షోలాపూర్ పోతాండాడక్కా. మరమగ్గాల్లో పని దొరుకుతాదంట. రైలుకని ఇంతకు ముందే ఆదోని బస్సెక్కినాడు."

మేమూ ఆ తర్వాతి బస్సెక్కాం. ఆదోనిలో దిగితే ఉగ్గాని, బజ్జీ తినకుండా కదలని మనిషి, ఆ రోజు అటు చూడనైనా లేదు. దారంతా ఒకటే మాట: "బండి ఎల్లిపోయుంటాదా?" నాకేం తెలుసు? ఉండదులే అత్తా అంటూ వచ్చాను.

అన్న ప్లాట్‌ఫారం చివర మూట పక్కన కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. అత్త అతని ముందు, ఎండలో, కొత్త చీరను నేల మీద పరిచేసింది. నమూనా దారం అంచు మీద పెట్టింది. జనం మూగారు.

"లైటు కింద చూసి అన్నానప్పా. యాడ చూస్తాండానో చూసుకోలేదు. తప్పు నాది."

అన్న ఆ దారం వంక చూశాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "అన్నది వాళ్ళ ముందర కదక్కా. ఈడ సెప్తే ఎవరికి తెలుస్తాది?"

"వాళ్ళ ముందరే సెప్తా. ఒక్కొక్కరినీ పిలిచి సెప్తా. నువ్వు ఆడుంటేనే కదప్పా నేను సెప్పేది?"

రైలు వచ్చింది. జనం మమ్మల్ని తోసుకుంటూ పెట్టెల వైపు పరుగెత్తారు. అన్న మూట చేతిలోకి తీసుకున్నాడు. అత్త ఆ మూట వైపే చూసింది. అంత భయపడుతూ ఆమెను నేనెప్పుడూ చూడలేదు.

ఎవరిదో కాలు చీర కొంగు మీద పడబోయింది. అన్న మూట వదిలేసి వంగి, కొంగు చప్పున లాక్కున్నాడు. "కొత్త చీరక్కా! ఇట్లా దుమ్ములో పరుస్తారా ఎవరన్నా?" అని కసురుకున్నాడు. అత్త రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ చెరోవైపు నిలబడి దుమ్ము దులిపారు. రైలు కూతవేసి కదిలింది. వాళ్ళు అటు చూడకుండా, అంచుకు అంచు కలిపి, ఒకరి వైపు ఒకరు నడుస్తూ, చీరను మడత పెడుతున్నారు.