మాట్లాడితే ఆగిపోయే బొమ్మ

2012లో నేను శంషాబాద్ విమానాశ్రయానికి దగ్గర్లో ఒక కార్గో కంపెనీలో నెట్‌వర్క్ సపోర్ట్ ఇంజనీరుగా పనిచేసేదాన్ని. పేరు గొప్పగానే ఉంటుంది కానీ, ఎవరి కంప్యూటర్‌కి లైను రాకపోయినా, ప్రింటర్ మొరాయించినా మొదటి ఫోన్ నాకే వచ్చేది. మా గోదాము నుంచి టీకాలు, ఇన్సులిన్ లాంటి మందులు విమానాల్లో విదేశాలకు వెళ్ళేవి. దారిలో చల్లదనం తగ్గితే అవి పనికిరావు. అందుకని ప్రతి లోడుకీ ముందు క్వాలిటీ విభాగం వాళ్ళు ప్యాకింగు, పెట్టెల లోపలి ఉష్ణోగ్రత చూసి సరే అంటేనే బండి గేటు దాటేది.

మా వైపు నుంచి ఆ పని చూసే అమ్మాయి మంజుల. వాళ్ళది దగ్గర్లోని సాతంరాయి ఊళ్ళో కూరగాయలు పండించే కుటుంబం. డాక్యుమెంట్లు రాసే ఉద్యోగంలో చేరి, కొన్నేళ్ళలోనే సరుకు పంపే డిస్పాచ్ డెస్క్‌కి ఇన్‌ఛార్జి అయింది. చిన్నప్పుడు వచ్చిన జ్వరంతో ఆమెకు వినికిడి చాలావరకు పోయింది. చెవి మిషన్ పెట్టుకుంటే శబ్దం తెలుస్తుంది కానీ మాట తెలియదు. ఎదుటివాళ్ళ పెదవులు చూస్తూ ఆ శబ్దాన్ని కలుపుకుంటేనే అది మాట అవుతుంది. తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడూ ఆమె అలాగే పట్టుకునేది. ఎదురుగా కూర్చుని మాట్లాడేవాళ్ళకు ఈ సంగతి తెలియడానికే చాలా రోజులు పట్టేది.

ఆ ఏడాది కంపెనీ వాళ్ళు క్వాలిటీ విభాగం మొత్తాన్ని బెంగళూరుకి మార్చేశారు. అప్పటిదాకా ఎదురుగా కూర్చుని జరిగిన తనిఖీ వీడియో కాల్‌లోకి వచ్చింది. ఆ కాల్ మా వీపీఎన్ మీదుగా వెళ్ళేది. వీపీఎన్ అంటే, ఇంటర్నెట్ అనే అందరి రోడ్డు మీద ఒక కంపెనీ తనకోసం వేసుకున్న మూసిన దారి. లోపల పోయే సమాచారానికి తాళం వేసి, పైన ఇంకో కవరు తొడిగి పంపుతుంది. బయటివాళ్ళు చూడలేరు.

మొదటి వారం నుంచే తెర మీది బొమ్మ సతాయించింది. మాట మాత్రం శుభ్రంగా వినిపించేది. మిగతావాళ్ళెవరికీ అదొక సమస్యే కాదు, మాట వినిపిస్తే వాళ్ళ పని జరిగిపోయేది. నేను కూడా రెండుసార్లు వెళ్ళి, “హలో, హలో” అని చూసి, బాగానే ఉందని వచ్చేశాను.

ఒక మధ్యాహ్నం టీకాల లోడు సిద్ధంగా ఉంది. బెంగళూరు నుంచి శోభ అనే క్వాలిటీ ఆఫీసరు కాల్‌లో ఉంది. ఆమె ఒక పెట్టె గురించి ఏదో చెప్పింది. మంజుల మళ్ళీ చెప్పమంది. ఆమె చెప్పింది. మంజుల మళ్ళీ అడిగింది. శోభకు విసుగొచ్చి, “ఇట్స్ ఓకే, గో అహెడ్” అన్నట్టు చెయ్యి ఊపింది. మంజుల లోడు వదలలేదు. మాట అర్థమయ్యేదాకా ఆగాల్సిందేనని పెన్ను పక్కన పెట్టేసింది. ఈలోపు విమానానికి సరుకు తీసుకునే గడువు దాటిపోయింది. పెట్టెలు తిరిగి చల్లటి గదిలోకి వెళ్ళాయి.

సాయంత్రం మా మేనేజరు యాదగిరి గారు మంజులనీ నన్నూ పిలిచారు.

“నాకు సమజ్ కాందానికి ఓకే ఎట్ల చెప్త సార్? లోపల ఉన్నయి మందులు,” అంది మంజుల.

“నువ్వు తప్పు చేసినవని అంటలేనమ్మా. కానీ రోజూ గిట్లయితే ఫ్లైట్లు పోతయి. చాట్‌ల రాయమంటె వాళ్ళు రాస్తలేరు. సోమవారం నుంచి కాల్స్ మీ డెస్క్‌ల రవి చూసుకుంటడు. నువ్వు ఫైలింగ్ చూడు.”

మంజుల ఆయన ముఖం వైపే చూస్తూ ఉండిపోయింది, ఇంకేమైనా అంటారేమోనని. నాకు లోపల ఏదో పట్టుదల పుట్టింది.

“సోమవారం దాంక నాకు టైమియ్యండి సార్,” అన్నాను. “లైన్ల ఏదో ఉన్నది. పట్టుకుంట.”

“ఇప్పటిదాంక మంచిగున్నదనే కదమ్మా చెప్పినవు,” అన్నారాయన. అయినా సరేనన్నారు.

మర్నాడు మొదట అందరూ చేసేదే చేశాను. కెమెరా మార్చాను. కేబుల్ మార్చాను. బ్యాండ్‌విడ్త్, అంటే లైను ఒకేసారి ఎంత మోయగలదన్న లెక్క చూశాను. కావలసినదానికంటే ఎక్కువే ఉంది. ఏదీ తేడా చేయలేదు. చివరికి మంజుల పక్కన కుర్చీ వేసుకుని, ఆమె చూసినట్టే కాల్ చూద్దామని స్పీకరు పూర్తిగా ఆపేశాను.

రెండు నిమిషాల్లో నాకు తల తిరిగినంత పనైంది. శోభ కాగితాల వైపు చూస్తూ ఊరుకుంటే, ఆమె చెవి కమ్మలతో సహా స్పష్టంగా కనిపిస్తోంది. నోరు తెరిచిందంటే బొమ్మ గడ్డకట్టేస్తోంది. మాట అయిపోయాక ముఖం ఒక్కసారిగా ఎక్కడికో గెంతుతోంది. నేను పరీక్షకు వచ్చినప్పుడల్లా అవతల మనిషి కదలకుండా కూర్చుని, నా “హలో”కి తల ఊపింది. అందుకే నాకు బాగా కనిపించింది.

“రోజూ గిట్లనే ఉంటదా?” అని అడిగాను, ఆమె వైపు తిరిగి.

“రోజూ గిట్లనే అక్కా. ఆడ ఉన్నోళ్ళు ఊకుంటె కనబడ్తరు. మాట్లాడితె ఆగుతరు.”

కదిలితేనే ఆగుతోందంటే, కదలికకీ లైనుకీ మధ్య ఏదో ఉంది. మనం పంపే బొమ్మా మాటా ప్యాకెట్లనే ముక్కలుగా పోతాయి. మాటకు చిన్న ప్యాకెట్లు చాలు. కదలని ముఖానికి కూడా కొత్తగా పంపాల్సింది తక్కువ కాబట్టి అవీ చిన్నవే. దవడ, చేతులు, తల కదిలితే మాత్రం ప్యాకెట్లు పెద్దవవుతాయి. ఏ దారిలోనైనా ఒక ప్యాకెట్ ఎంత పెద్దది ఉండొచ్చో ఒక హద్దు ఉంటుంది. దాన్ని ఎంటీయూ అంటాం. వీపీఎన్ తొడిగే కవరుతో కలిపి పెద్ద ప్యాకెట్లు ఆ హద్దు దాటుతున్నాయా అని నాకు అనుమానం వచ్చింది.

దానికో పరీక్ష ఉంది. ముక్కలు చేయవద్దని షరతు పెట్టి, సైజు పెంచుకుంటూ బెంగళూరుకి ప్యాకెట్లు పంపాను. చిన్నవన్నీ పోయాయి. ఒక సైజు దాటాక ఒక్కటీ పోలేదు. మామూలు కాల్‌లో మా రౌటర్ అనే పరికరం కవరు తొడిగాక ప్యాకెట్‌ని రెండుగా కోస్తోంది. దారిలో ఎక్కడో ఆ రెండో ముక్కను పారేస్తున్నారు. ఒక ముక్క పోతే మిగిలింది చేరినా పనికిరాదు. తాళం వేయకముందే సరైన సైజుకి కోసి, ఒక్కోదానికీ వేరే కవరు తొడిగితే ఏదీ పోదు.

మా రౌటర్‌లో ఆ మార్పు చేశాను. కాల్ కలపగానే బెంగళూరు గదిలో ఉన్నవాళ్ళంతా బొటనవేళ్ళు చూపించారు. బ్రహ్మాండంగా ఉందన్నారు. యాదగిరి గారు తలుపు దగ్గర నిలబడి, “అయిపోయిందా ఇగ?” అన్నారు. నేను అవునని చెప్పబోయి మంజుల వైపు చూశాను.

“వాళ్ళకు నేను కనబడుతున్న అక్కా,” అంది మెల్లగా. “నాకు వాళ్ళు కనబడ్తలేరు.”

నేను సరిచేసింది ఇక్కడి నుంచి వెళ్ళే బొమ్మని. అక్కడి నుంచి వచ్చేదాన్ని కోసేది బెంగళూరు ఫైర్‌వాల్, అంటే అక్కడి లైనుకి కాపలా ఉండే పరికరం. అది అక్కడి నెట్‌వర్క్ చూసే ప్రసాద్ గారి చేతిలో ఉంటుంది. గుంటూరు మనిషి, మా అందరికంటే సీనియరు, మర్యాదగా మాట్లాడుతూనే పని వాయిదా వేయగలిగినవారు.

“మా వైపు అంతా బాగానే ఉందండీ,” అన్నారు ఫోన్‌లో. “ఫైర్‌వాల్‌లో చెయ్యి పెట్టాలంటే వచ్చే నెల దాకా కుదరదు. అంతగా ఇబ్బందైతే వీడియో ఆపేసి మాట్లాడుకోమనండి.”

“ఆమెకు వీడియో ఆపేస్తే మాట ఆగిపోయినట్టే సార్,” అని మంజుల సంగతి చెప్పాను. ఆయన అయ్యో అన్నారు కానీ, నెల మాట మార్చలేదు. నేను నా పరీక్షల ఫలితాలన్నీ పంపాను. మళ్ళీ ఫోన్ చేశాను. మూడోసారి చేసినప్పుడు మాత్రం ఇంకేమీ వివరించలేదు.

“సార్, ఒక్క పని చేయండి. నేను మీకు కాల్ చేస్తాను. మీ పరికరం పాత సెట్టింగులో ఉంది కాబట్టి అక్కడి బొమ్మ నా స్క్రీన్ మీదే ఆగుతోంది, ఆ స్క్రీన్‌ని మీకు కెమెరాలో చూపిస్తాను. మీ స్పీకరు ఆపేసి, శోభ గారు ఏం చెబుతున్నారో నాకు చెప్పండి.”

ఆయన ఒప్పుకున్నారు. ఒక కంప్యూటర్‌లో శోభ మాట్లాడుతుంటే, ఇంకో కంప్యూటర్ కెమెరాని ఆ తెర వైపు తిప్పి పట్టుకున్నాను. ప్రసాద్ గారు కళ్ళద్దాలు సర్దుకుని ముందుకు వంగారు. కొంతసేపటికి స్పీకరు పెట్టుకున్నారు.

“ఒక్క ముక్క అర్థం కాలేదండీ,” అన్నారు. “ఆ అమ్మాయి ఇన్నాళ్ళూ దీంతోనే పని చేసిందా? శనివారం లోడ్లు తక్కువ. మధ్యాహ్నం మార్చేద్దాం. మీరు అక్కడ ఉండండి.”

శనివారం మార్పు చేశాం. మొదటిసారి సైజు ఒక మెట్టు ఎక్కువ పెట్టడంతో బొమ్మ ఇంకా మధ్యమధ్యలో ఆగింది. ప్రసాద్ గారే తగ్గించి మళ్ళీ చూద్దామన్నారు. తగ్గించాక శోభని ఏదైనా మాట్లాడమన్నాం. ఆమెకేం తోచక, మధ్యాహ్నం ఏం తిన్నదో చెప్పడం మొదలుపెట్టింది. మంజుల కళ్ళార్పకుండా ఆమె పెదవులు చూసింది.

“పెరుగన్నంల దానిమ్మ గింజలా?” అని హిందీలో అడిగింది.

శోభ నవ్వింది. ఆ నవ్వు ఎక్కడా ఆగకుండా మా తెర మీదకు వచ్చింది. తర్వాత నవ్వు ఆపి, ఆ రోజు విసుక్కున్నందుకు మంజులకు సారీ చెప్పింది. అప్పుడు తాను చెప్పబోయింది ఒక పెట్టె మీది రీడింగు మళ్ళీ తీయమని. మంజుల ఆపడమే మంచిదైందని కూడా ఆమే అంది.

సోమవారం కాల్‌లో మంజులే కూర్చుంది. రవి ఆమె దగ్గర పని నేర్చుకునేందుకు పక్కన కూర్చున్నాడు. యాదగిరి గారు లోపలికి వచ్చి, బండి గేటు దాటేదాకా నిలబడి వెళ్ళిపోయారు. ఫైలింగ్ మాట మళ్ళీ ఎత్తలేదు.

తర్వాత నేను వేరే కంపెనీలకు మారాను. కాల్ బాగాలేదని ఎవరు ఫిర్యాదు చేసినా ఇప్పుడు లైను స్పీడు నుంచి మొదలుపెట్టను. వాళ్ళ పక్కన కుర్చీ వేసుకుని, “దీంతో మీరు ఏం చేసుకోవాలి?” అని అడుగుతాను. నా పరీక్షలన్నీ బాగున్నాయని చెప్పిన రోజుల్లోనే మంజుల పని పోయేలా ఉండింది. అందుకే నా కళ్ళకు సరిగ్గా కనిపించినా, ఆ కాల్‌లో కూర్చునే మనిషి సరేననేదాకా నా పని పూర్తయిందని అనుకోను.