మూలమట్టానికి ఉన్న గాటు

మొయినాబాద్‌లో నా కోతను మించిన కోత లేదని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. పొగరు అనుకుంటే అనుకోండి. ఆ పొగరు ఒక్కసారే మట్టి కరిచింది, అదీ రంపపు పొట్టు వల్ల.

ఐటీ వాళ్లు కనకమామిడి వైపు ఫామ్‌హౌస్‌లు కట్టుకుంటున్న రోజులవి. చేవెళ్ల రోడ్డు మీద మా రేకుల షెడ్డు. బాపు, అంటే మా నాన్న, జన్మంతా చేతిరంపంతో, ఉలితో బతికినవాడు. కోత మిషన్ తెచ్చింది నేను. ఇద్దరు పిల్లల తల్లినయ్యాక వడ్రంగం పట్టుకున్నదాన్ని, ఆ మిషన్ అంటే నాకు ఎక్కడలేని మోజు. బాపు దాన్ని ముట్టుకునేవాడు కాదు.

"చెయ్యి తప్పు చేస్తే ఒక్కసారే చేస్తది బిడ్డా. గిది నూరుసార్లు గదే తప్పు చేస్తది" అనేవాడు. నేను నవ్వేదాన్ని.

అయినా ఒక సాఫ్ట్‌వేర్ సారు తన కొత్త ఇంటికి ఒకే కొలతవి పద్దెనిమిది టేకు కిటికీలు అడిగితే బాపు ఒప్పుకున్నాడు. "కోత నా బిడ్డది సారు" అని ముందే చెప్పాడు. ఆ మాటకు నా కడుపు నిండిపోయింది.

కిటికీ చట్రానికి పైనొక అడ్డకర్ర, కిందొక అడ్డకర్ర. రెండూ ఒకే పొడవు ఉండాలి. ప్రతిదానికీ టేపు పట్టే పని లేకుండా మిషన్ బల్ల మీద ఒక చెక్కముక్క బిగిస్తాం, కర్ర కొసను దానికి ఆనించి కోస్తాం. దాన్నే స్టాపర్ అంటాం. మొదటి కర్ర కొలిచాను, వెంట్రుకవాసి తేడా లేదు. మిగతావి కొలవలేదు. ఎందుకు కొలుస్తాను? స్టాపర్ కదలలేదు కదా! పైకర్రలన్నీ కోసి, తర్వాత కిందివి కోశాను.

కోసేకొద్దీ బల్ల మీద పొట్టు పడుతూనే ఉంటుంది. దాన్ని నోటితో ఊదడం మా ఇంట్లో మహా తప్పు. పనిముట్టు దేవుడితో సమానం, నోటిగాలి తగిలితే ఎంగిలి. అందుకని ప్రతి కోతకూ కొబ్బరిపీచు కుంచెతో నిష్ఠగా తుడిచాను.

మొదటి చట్రం సారు ఇంట్లోనే బిగించాం. బిగించగానే మూలలో సందు కనబడింది. సారు జేబులోంచి తన విజిటింగ్ కార్డు తీసి ఆ సందులో పెట్టాడు. కార్డు నిలబడింది.

"ఏమనుకోవద్దు అంకుల్. యూపీవీసీ ప్లాస్టిక్ కిటికీలు పెట్టించుకుంటాను. ఫ్యాక్టరీలో చేసిందైతే టెన్షన్ ఉండదు" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఊరుకుంటానా! "కట్టె పచ్చిగున్నది సార్, గుంజుకపోయింది" అన్నాను. శుద్ధ అబద్ధం.

బాపు నా వైపు చూడనైనా చూడలేదు. "కట్టె మంచిదే సారు. తప్పు మాదే. ఆదివారం దాకా జర ఆగుండ్రి. గప్పుడు గూడ సందు కనబడితే మీ ఇష్టం."

సారు సరేనన్నాడు. చట్రం విప్పి కర్రలు వెంట తెచ్చుకున్నాం. బండి మీద తిరిగొస్తుంటే వెనక నుంచి బాపు, "ఆడరాక మద్దెల ఓడన్నట్టు, కట్టె మీదికి తోస్తవా?" అన్నాడు.

కర్రలన్నీ కోసిన వరుసలోనే పేర్చి కొలిచాను. మొదటిది సరి. పదోది కాస్త పొట్టి. చిట్టచివరిది అర నూలు పొట్టి, అంటే అంగుళంలో పదహారో వంతు. మిషన్‌ను తిట్టాను, టేపును తిట్టాను, బ్లేడు అమ్మినవాణ్ని వాడి వంశంతో సహా తిట్టాను. స్టాపర్ మాత్రం పెట్టినచోటే ఉంది.

కోత వంకరపోయిందేమోనని మూల సరిగ్గా ఉందో లేదో చూడడానికి తాత వాడిన ఇనుప మూలమట్టం తీసి కర్రకు ఆనించి చూశాను. దాని లోపలి మూలలో చిన్న గాటు ఉంటుంది. ఎప్పుడో విరిగిందనే అనుకునేదాన్ని. ఆ రోజు చూస్తుండగానే కర్ర అంచున ఉన్న పొట్టు జారి ఆ గాటులోకి పోయింది, మూలమట్టం కర్రను అంటుకుని నిలబడింది.

"బాపు, ఈ గాటు ఎందుకున్నది?"

"మీ తాత ఆకురాయితోని అరగదీసిండు. పొట్టు ఎప్పుడైనా మూలకే పోతది బిడ్డా. దానికి జాగ ఇయ్యకపోతే కట్టెకు, మట్టానికి నడుమ కూసుంటది."

అమ్మో! ఒక్క ఉరుకున మిషన్ దగ్గరికి పోయి స్టాపర్ అడుగున వేలితో తడిమాను. బల్లకు, చెక్కకు నడుమ మూలలో పొట్టు గట్టిగా పేరుకుని ఉంది. కూరింది ఎవరు? నేనే. నిష్ఠగా తుడిచిన ప్రతిసారీ నా కుంచెతో అక్కడికే తోశాను. కర్ర చెక్కకు కాదు, పొట్టుకు ఆనింది. పొట్టు ఎంత పెరిగితే కర్ర అంత తగ్గింది. అందుకే తర్వాత కోసిన కిందికర్ర పైకర్రకు సరిపోలేదు.

ఉలి తీసుకుని స్టాపర్ కింది అంచును ఏటవాలుగా చెక్కేశాను. ఇక పొట్టు దాని కిందికి పోతుంది, కర్ర మాత్రం పైభాగానికి ఆనుతుంది. కర్రలన్నీ పొట్టిదానికి సమంగా మళ్లీ కోశాను. ఈసారి ముప్పై ఆరూ కొలిచాను.

ఆదివారం సారు షెడ్డుకే వచ్చాడు. ఆరు చట్రాలు బిగించి గోడకు ఆనించి పెట్టాం. కార్డు తీసి ఒక్కో మూలలో గుచ్చి చూశాడు. ఎక్కడా దూరలేదు. కార్డు కొసలే మడతపడ్డాయి.

"అంకుల్, పోవట్లేదు!"

"మరి ఫ్యాక్టరీకి పోతరా సారు?" అన్నాడు బాపు. సారు నవ్వేసి, మిగతావి ఎప్పుడిస్తారని అడిగాడు.

ఆయన వెళ్లాక బాపు శభాష్ అంటాడేమోనని చూశాను. ఊహూ! మెచ్చుకోవడం మా బాపుకు రాని పని.

దసరాకు పనిముట్లన్నీ కడిగి వరుసగా పెట్టుకున్నాం. ఏటా మొదటి బొట్టు తాత మూలమట్టానిదే. ఆ ఏడు బాపు లేచి, ఎన్నడూ ముట్టుకోని మిషన్ దగ్గరికి పోయాడు. స్టాపర్ విప్పి, పొట్టు దులిపి తెచ్చి పీట మీద పెట్టాడు.

"గది ఉట్టి చెక్కముక్క బాపు" అన్నాను.

"ఊకో" అని దానికి బొట్టు పెట్టాడు. తర్వాతే తన తండ్రి మూలమట్టానికి పెట్టాడు.